రిపేరు బిల్లును క్యాపిటల్‌లో వేయమంటే ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఒక విద్యుత్ పంపిణీ సంస్థ డివిజన్ ఆఫీసులో జూనియర్ అకౌంట్స్ ఆఫీసర్‌ని. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. మార్చి నెల వచ్చిందంటే గుబులుగా ఉంటోంది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల రివైండింగ్ బిల్లులు, లైన్ల మరమ్మతు బిల్లులు తెచ్చి "ఓ అండ్ ఎం (నిర్వహణ, మరమ్మతుల) బడ్జెట్ అయిపోయింది, వీటిని క్యాపిటల్ వర్క్‌లో వేసేయమ్మా" అంటున్నారు డీఈ (డివిజనల్ ఇంజనీర్) గారు. స్టోర్స్ నుంచి సామాను వెళ్లిందే తప్ప లైను ఇంకా ఛార్జ్ కాని (కరెంటు ఎక్కించని) పనులను కూడా పెట్టుబడి నివేదికలో పూర్తయినట్టు చూపమంటున్నారు. "డబ్బు ఎలాగూ సంస్థదే, ఏ హెడ్‌లో రాస్తే ఏంటి?" అన్నది ఆయన మాట. ఆయన మంచివారే, సొంతానికి రూపాయి ఆశించరు. కాదంటే పని తెలియని పిల్లననుకుంటారు, సరేనంటే రేపు ఆడిట్‌లో నా సంతకమే ఉంటుంది. ఇంకో రెండు సందేహాలు. కంపెనీ పుస్తకాల్లో ఆస్తుల విలువ ఒకటి, ఈఆర్సీకి (విద్యుత్ నియంత్రణ మండలికి) పంపే ఫారాల్లో మరొకటి ఎందుకు ఉంటుంది? బ్యాలెన్స్ షీట్‌లో కనిపించే రెగ్యులేటరీ ఆస్తి నిజంగా డబ్బేనా? — పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: మీ డీఈ గారు అన్న చివరి మాట దగ్గరే మొదలుపెడతాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది. డబ్బు సంస్థది కాదు. మామూలు కంపెనీలో ఖర్చును ఏ హెడ్‌లో రాసినా లాభం ఈ ఏడాది తగ్గుతుందా, వచ్చే ఏడాది తగ్గుతుందా అన్నంతవరకే తేడా. ధరను ఈఆర్సీ నిర్ణయించే సంస్థలో అలా కాదు. ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కిన ప్రతి రూపాయికీ తరుగుదల, అప్పు మీద వడ్డీ, ఈక్విటీ మీద రాబడి కలిపి వినియోగదారుడి బిల్లులోకి వెళతాయి, అదీ ఆ ఆస్తి ఆయుష్షు పొడవునా. కాబట్టి మీ టేబుల్ మీద జరిగే క్యాపిటలైజేషన్ ఎంట్రీ, అంటే ఖర్చును ఆస్తిగా రాయడం, ఓ చిన్నపాటి టారిఫ్ నిర్ణయమే. దాన్ని అంత బరువుగానే చూడండి. మీకు గుబులు పుట్టడంలో తప్పేమీ లేదు.

అంకెల్లో చూద్దాం. లెక్క తేలికగా ఉంటుందని కేంద్ర ఈఆర్సీ 2019-24 నిబంధనలు తీసుకుంటున్నాను. ఒక లైను మీద కోటి రూపాయలు పెట్టారనుకోండి. అందులో 70 లక్షలు అప్పుగా, 30 లక్షలు ఈక్విటీగా లెక్కిస్తారు. ఈక్విటీ మీద 15.5 శాతం చొప్పున 4.65 లక్షలు. అప్పు మీద వడ్డీ 9 శాతం అనుకుంటే 6.30 లక్షలు. లైన్లకు తరుగుదల 5.28 శాతం, అంటే 5.28 లక్షలు. మొదటి ఏడాదే 16.23 లక్షలు, రాబడి మీద ఆదాయపు పన్ను దీనికి అదనం. అప్పు తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఈక్విటీ మీద రాబడి మాత్రం ఆ 30 లక్షల మీదే ఏటా వస్తూ ఉంటుంది. లైను ఆయుష్షు 35 ఏళ్లు కాబట్టి ఆ ఒక్క పద్దు కిందే మొత్తం 1 కోటి 62 లక్షల 75 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో పంపిణీ సంస్థలకు 2005 నాటి 4వ రెగ్యులేషన్ ప్రకారం లెక్క కొంచెం వేరు. అక్కడ తరుగుదల పోగా మిగిలిన ఆస్తుల విలువ (రేట్ బేస్) మీద రాబడి ఇస్తారు కాబట్టి ఏటికేడు తగ్గుతుంది. తెలంగాణ 2023లో సొంతంగా కొత్త బహుళ సంవత్సర టారిఫ్ రెగ్యులేషన్ తెచ్చుకుంది. శాతాలు, సూత్రాలు మారుతాయి కానీ రిజిస్టర్‌లో ఎక్కింది బిల్లులో తేలడం ఎక్కడైనా ఒకటే.

అదే కోటిని రిపేరుగా రాస్తే? ఓ అండ్ ఎం ఖర్చుకు ఈఆర్సీ ముందే ఒక ప్రమాణం కట్టి ఇస్తుంది. దాన్ని మించితే ఆ భారం మామూలుగా సంస్థ మీదే పడుతుంది. ఒత్తిడి పుట్టేది ఇక్కడే. డీఈ గారి మీద కోపం తెచ్చుకోకండి, ఈ పద్ధతిలోనే ఆ లాగుడు ఉంది. పెట్టుబడి మీద రాబడి ఇచ్చే నియంత్రణలో సంస్థలు అవసరానికి మించి పెట్టుబడి వైపు మొగ్గుతాయని అవెర్చ్, జాన్సన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు 1962లోనే చూపించారు. ఎవరి దురాశా లేకపోయినా ఇది జరుగుతుంది. అందుకే ఈ లాగుడును ఆపే చోటు అకౌంట్స్ సెక్షనే.

ఇక ఏది క్యాపిటల్, ఏది కాదు? ఇండ్ ఏఎస్ 16 అనే అకౌంటింగ్ ప్రమాణం చెప్పే సంగతి సూటిగానే ఉంటుంది. రోజువారీ నిర్వహణ, మరమ్మతు ఖర్చు ఆ ఏడాది ఖర్చే. కాలిపోయిన 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు కాయిల్స్ మళ్లీ చుట్టి, ఆయిల్ పోసి, అదే దిమ్మె మీద పెడితే అది రిపేరు. ఇందులో తర్జనభర్జన లేదు. దాన్ని తీసి 160 కేవీఏది పెడితే, లేదా కొత్తది కొని పెడితే క్యాపిటల్. ఒక ఫీడరులో 34 చదరపు మిల్లీమీటర్ల కండక్టర్ తీసేసి లోడు కోసం 55 లాగితే క్యాపిటల్. గాలికి తెగిన రెండు స్పాన్లు అదే తీగతో కలిపితే రిపేరు. మధ్యలో నలిగే బిల్లులు కొన్ని ఉంటాయి, ఒకే ఎస్టిమేట్‌లో రెండు రకాల పనీ కలిసి ఉంటుంది. వాటిని అటో ఇటో తోసేయకుండా ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) దగ్గర పెట్టుకుని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారితో కూర్చుని విడగొట్టండి. ఏ స్తంభం కొత్తదో, దేన్ని నిలబెట్టారో ఆయనకు తెలుస్తుంది. సప్లయర్ ఇన్‌వాయిస్ చూస్తే మీకు తెలియదు.

తుపాను బిల్లులను ఉదాహరణగా చెబుతాను, ఇది అందరూ తడబడే చోటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు వేలాది స్తంభాలు కూలాయి. కొత్త స్తంభం వేస్తే అది కొత్త ఆస్తి. ఒరిగిపోయిన స్తంభాన్ని నిటారుగా నిలబెట్టి కాంక్రీటు వేస్తే రిపేరు. పొరుగు జిల్లాల నుంచి వచ్చిన సిబ్బంది భోజనాలు, బస, లారీల కిరాయి అన్నీ పునరుద్ధరణ ఖర్చే తప్ప వాటిలో ఏదీ ఆస్తి కాదు. ప్రకృతి వైపరీత్యం వల్ల ఓ అండ్ ఎం ప్రమాణం దాటినప్పుడు కారణం చూపి అదనంగా అడిగే దారి ఈఆర్సీ ముందు ఉంది. ఆ దారిన వెళ్లాలంటే ఆ ఖర్చు ఓ అండ్ ఎంలోనే విడిగా కనిపించాలి. క్యాపిటల్‌లో దాచేస్తే అడగడానికి మన చేతిలో కాగితమే ఉండదు. ఈ మాట డీఈ గారికి చెప్పండి, వింటారు. ఆయన వెతుకుతున్నది బడ్జెట్‌ను, దానికి సరైన దారి మీరు చూపిస్తున్నారు.

కొత్తది ఎక్కించడం గురించి అందరూ మాట్లాడతారు, పాతది దించడం ఎవరికీ గుర్తుండదు. తీసేసిన 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అసలు ఖరీదు, దాని మీద పోగైన తరుగుదల రెండూ రిజిస్టర్ నుంచి తీసేయాలి. పాత ధర దొరకకపోతే కొత్తదాని ధరను ఆధారం చేసుకుని అంచనా వేయడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. ఆ పని చేయకపోతే దిమ్మె మీద ఉన్నదానికీ, స్టోర్స్ వెనక తుప్పు పడుతున్నదానికీ కలిపి జనం రాబడి కడుతుంటారు. మీ డివిజన్‌లో ఈ ఏడాది డివల్యూషన్ సామాను (విప్పి తీసిన పాత సామాను) స్టోర్స్‌కు ఎంత తిరిగొచ్చిందో చూడండి. కొత్తగా వేసిన కండక్టర్ పొడవు పక్కన పాత కండక్టర్ తిరిగొచ్చిన బరువు పెట్టి చూస్తే, రిజిస్టర్ ఎక్కడ తప్పుతోందో ఒక్క సాయంత్రంలో బయటపడుతుంది.

ఇప్పుడు పూర్తికాని పనుల సంగతి. ఇక్కడ మీరు గట్టిగా నిలబడాలి, నిలబడడానికి మీ దగ్గర ఆధారం కూడా ఉంది. క్యాపిటలైజ్ చేయడానికి పని భౌతికంగా పూర్తయినట్టు ఒక సర్టిఫికెట్, ఆర్థికంగా పూర్తయినట్టు మరో సర్టిఫికెట్ కావాలని ఏపీఈఆర్సీ (ఆంధ్రప్రదేశ్ ఈఆర్సీ) అడుగుతుంది. పీసీసీ, ఎఫ్‌సీసీ అని మీ ఆఫీసులో వినే ఉంటారు. పని ఆమోదం పొందిన మేరకు జరిగింది, వాడుకలోకి వచ్చింది అన్నది మొదటిది చెబుతుంది. ఆ ఖర్చు నిర్మాణంలో ఉన్న పనుల ఖాతా (సీడబ్ల్యూఐపీ) నుంచి ఆస్తుల రిజిస్టర్‌కు మారింది అన్నది రెండోది చెబుతుంది, దానికి రిజిస్టర్ నకలు జత చేయాలి. స్టోర్స్ నుంచి సామాను ఇష్యూ అవడం ఈ రెండింటిలో దేనికీ సాక్ష్యం కాదు. లైను ఛార్జ్ అయిన తేదీకి సబ్‌స్టేషన్ లాగ్ బుక్‌లో ఎంట్రీ ఉంటుంది. అది లేని పనిని పూర్తయినట్టు రాస్తే, ఇంకా వెలగని దీపానికి అద్దె వసూలు చేసినట్టే. అది ఇంకా సైట్‌లో ఉన్న సామాను, సీడబ్ల్యూఐపీలోనే ఉండనివ్వండి.

ఇందులో రెండో వైపు కూడా చూడాలి. పూర్తయిన పనిని సీడబ్ల్యూఐపీలోనే వదిలేయడమూ అంతే తప్పు. లైను ఛార్జ్ అయి ఏళ్లు గడిచినా వర్క్ ఆర్డర్ క్లోజ్ చేయకపోవడం, దాని మీద వడ్డీని ఇంకా నిర్మాణ ఖర్చులోనే కలుపుతూ పోవడం చాలాచోట్ల చూశాను. ఆస్తి వాడుకకు సిద్ధమైన రోజే వడ్డీ కలపడం ఆగాలని ఇండ్ ఏఎస్ 23 చెబుతుంది. పని చాలాకాలం పూర్తిగా ఆగిపోతే ఆ ఆగిన కాలానికి కూడా కలపకూడదు. జీతాల్లో ఒక శాతాన్ని పాత అలవాటు ప్రకారం ప్రతి పనికీ వడ్డించడం మీద కూడా ఆడిటర్లు అడుగుతారు. ఆ పనికి నేరుగా సంబంధించిన ఖర్చే ఆస్తి విలువలో చేరాలి, ఆఫీసు సాధారణ పరిపాలన ఖర్చు చేరకూడదు.

పెట్టుబడి నివేదికను మీరు ఫారం నింపే పనిగా చూస్తున్నారని ఉత్తరం చదివితే అనిపించింది. ఆమోదించిన మొత్తం, అయిన ఖర్చు, మిగులు అనే మూడు కాలమ్‌లతో ఆగిపోతే అది ఎవరికీ పనికిరాదు. నిజంగా పనికొచ్చేది నాలుగో కాలమ్: ఎందుకు ఆలస్యమైంది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. అటవీ అనుమతి కోసం ఆగిందా, రైల్వే క్రాసింగ్ ఉత్తర్వు రాలేదా, రైతులు పొలంలో టవరు వేయనివ్వలేదా, కాంట్రాక్టర్ పని వదిలేసి పోయాడా? టారిఫ్ విచారణలో వీటికి వేర్వేరు ఫలితాలు ఉంటాయి. మన చేతిలో లేని కారణమైతే ఆ కాలపు వడ్డీని ఒప్పుకునే అవకాశం ఉంది. కాంట్రాక్టర్ వైఫల్యమైతే ఆ భారం సంస్థ మోయాలి, వినియోగదారుడు కాదు. మూడేళ్ల తర్వాత ఈఆర్సీ అడిగినప్పుడు ఏ డీఈ ఎక్కడ ఉంటారో తెలియదు. అందుకే ప్రతి త్రైమాసికానికీ ఉత్తరం నంబరు, తేదీతో కారణం అప్పటికప్పుడే రాసి ఉంచండి. సంస్థకు న్యాయంగా రావాల్సిన డబ్బు పోయేది ఎక్కువగా ఈ కాగితం లేకే.

మీ మూడో ప్రశ్న, రెండు చోట్ల రెండు విలువలు ఎందుకని. ఇది సాధారణంగా తప్పు కాదు. వినియోగదారుడు కట్టిన డబ్బు, ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు వల్లే ఎక్కువ తేడా వస్తుంది. పంపిణీ రంగాన్ని బాగుచేయడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకంలో నష్టాల తగ్గింపు పనులకు సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం వరకు గ్రాంటు ఇస్తుంది. కంపెనీ పుస్తకాల్లో ఆస్తిని పూర్తి ఖరీదుతో చూపి, గ్రాంటును విడిగా వాయిదా ఆదాయంగా పెట్టి, ఏటా కొంచెం కొంచెంగా ఆదాయంలోకి తెస్తారు. టారిఫ్‌లో మాత్రం ఆ 60 శాతం మీద రాబడి అడగడానికి వీల్లేదు. రైతు బోరు కనెక్షన్ కోసం తన జేబులోంచి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ రైతు దగ్గరే మళ్లీ రాబడి వసూలు చేయడం ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించండి. ఏపీఈఆర్సీ సూత్రం అందుకే వినియోగదారుల వాటాను రేట్ బేస్‌లోంచి తీసేస్తుంది. మిగతా తేడాలు ఈఆర్సీ ఒప్పుకోని ఖర్చు వల్ల, తరుగుదల రేట్ల వల్ల వస్తాయి. చట్టబద్ధ నియంత్రణ సంస్థ ఆస్తి ఆయుష్షును ఖాతాల కోసం ప్రకటిస్తే అదే వర్తిస్తుందని 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు చెబుతుంది కాబట్టి ఈ చివరిది మునుపంత పెద్ద సమస్య కాదు. రెండు అంకెలు ఉండొచ్చు, వాటి మధ్య తేడాను పద్దువారీగా చూపే పట్టిక మాత్రం ఉండి తీరాలి. మీ డివిజన్‌లో ఆ పట్టిక లేకపోతే మీరే మొదలుపెట్టండి.

రెగ్యులేటరీ ఆస్తి డబ్బేనా? ఆ ఏడాది అయిన ఖర్చులో న్యాయంగా రావాల్సినదాన్ని ఈఆర్సీ అప్పుడే బిల్లులో పెట్టకుండా తర్వాత వసూలు చేసుకోమంటే, ఆ వాయిదా పడ్డ మొత్తం అది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు కింద రూ. 6,072.86 కోట్లను 2024 డిసెంబరు బిల్లుల నుంచి వసూలు చేశారు. ఖర్చయిన కాలానికీ డబ్బు వచ్చిన కాలానికీ మధ్య ఉన్న ఎడం అందులో కనిపిస్తుంది. ఇండ్ ఏఎస్ 114 ప్రకారం ఈ నిల్వలను మామూలు ఆస్తుల్లో కలపకుండా విడి వరుసలో చూపిస్తారు, లాభనష్టాల్లో కూడా దాని కదలిక విడిగానే ఉంటుంది. బ్యాలెన్స్ షీట్ చదివేటప్పుడు ముందు ఆ వరుస లేకుండా లాభం ఎంతో చూడండి, తర్వాత దాన్ని కలిపి చూడండి.

వెనుక ఈఆర్సీ ఉత్తర్వు ఉంటే అది వచ్చే డబ్బు, సంస్థ ఆశ మాత్రమే ఉంటే కాదు. ఉత్తర్వు ఉన్నా ఏళ్ల తరబడి వసూలు కాకుండా పేరుకోవచ్చు. ఢిల్లీలో మూడు డిస్కంలకు (పంపిణీ సంస్థలకు) అలా రూ. 27,200 కోట్లకు పైగా పోగయింది. ఆ కేసులో జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ రాసిన తీర్పును సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 6న ఇచ్చింది. ఉన్న బకాయిలను 2024 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లలోపు, కొత్తగా ఏర్పడేవాటిని మూడేళ్లలోపు తీర్చాలంది. 2024లో సవరించిన విద్యుత్ నిబంధనలు కూడా ప్రకృతి వైపరీత్యాల్లో తప్ప ఆదాయ లోటు ఉండకూడదని, ఉన్నా ఆమోదించిన వార్షిక ఆదాయ అవసరంలో 3 శాతం దాటకూడదని అంటున్నాయి. ఇన్నాళ్లూ చూద్దాంలే అని నెట్టిన మొత్తాలకు ఇప్పుడు గడువు పడింది. నా దృష్టిలో ఇది మంచిదే, అయితే ఆ భారం ఇకనుంచి బిల్లుల్లో త్వరగా కనిపిస్తుంది. రేట్ బేస్‌లో దొర్లిన రిపేరు బిల్లులు కూడా అందులో భాగమైతే జనానికి మనం ఏమని చెబుతాం?

మరి డీఈ గారితో ఎలా? నోటితో కాదనకండి, నోట్‌ఫైల్‌లో రాయండి. "ఈ ఎస్టిమేట్‌లో ఫలానా ఐటమ్స్ మరమ్మతు స్వభావం గలవి, ఓ అండ్ ఎంలో బుక్ చేయాలని ప్రతిపాదన. బడ్జెట్ చాలనందున అదనపు కేటాయింపు కోరవచ్చు" అని రెండు వాక్యాలు, కింద ఐటమ్స్ పట్టిక. అందులో నింద ఉండకూడదు, పరిష్కారం ఉండాలి. ఫైలు పైకి పంపేముందు మీ ఏఏఓ (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్) గారికి చూపించండి. అంతకన్నా ముందు డీఈ గారి గదిలోకి వెళ్లి, "సార్, ఇలా రాస్తున్నాను, మీకు అదనపు బడ్జెట్ రావడానికి కూడా ఇదే ఆధారం అవుతుంది" అని చెప్పండి. ఫైలు చూసి తెలుసుకోవడం వేరు, మీ నోట వినడం వేరు. పైవారు మీ ప్రతిపాదన కాదని ఉత్తర్వు ఇస్తే, ఆ ఉత్తర్వును ఉటంకించి ఎంట్రీ వేయండి. అప్పుడు నిర్ణయం ఎవరిదో ఫైలు చెబుతుంది. పూర్తికాని పనికి పూర్తయినట్టు సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం ఏ ఉత్తర్వు ఉన్నా పెట్టకండి. మొదటిదాన్ని అభిప్రాయభేదం అనొచ్చు, రెండోది అబద్ధం. చట్టబద్ధ ఆడిటర్ తర్వాత కాగ్ అనుబంధ ఆడిట్ ఉంటుంది, ఈఆర్సీ పరిశీలన ఉంటుంది. ఆ రోజు ఛార్జింగ్ తేదీ అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇంకో పని చేయండి. మీ సంస్థ మీద ఈఆర్సీ ఇచ్చిన తాజా టారిఫ్ ఉత్తర్వును వెబ్‌సైట్ నుంచి దించుకుని, అభ్యంతరాలు, వాటికి సంస్థ సమాధానాలు ఉన్న అధ్యాయం ముందు చదవండి. రైతు సంఘాల వాళ్లు, చిన్న పరిశ్రమల వాళ్లు బహిరంగ విచారణకు వచ్చి పెట్టుబడుల మీద ఏమేం అడిగారో అందులో ఉంటుంది. ఆ ప్రశ్నల్లో ఒకటి తీసుకుని, మీ డివిజన్‌లో ఒక్క స్కీమును ఎంచుకుని శాంక్షన్ నుంచి రిజిస్టర్ ఎంట్రీ దాకా వెంట నడవండి. ఎస్టిమేట్, ఎం-బుక్, స్టోర్స్ ఇష్యూ, తిరిగొచ్చిన పాత సామాను, ఛార్జింగ్ తేదీ, పీసీసీ, ఎఫ్‌సీసీ. ఎక్కడ కాగితం తెగిందో అక్కడ గుర్తుపెట్టి, ఆ ఫైలు సంగతి మళ్లీ నాకు రాయండి. సంస్థ పేరు అక్కర్లేదు.